జబ్బు లేనోళ్ళకి మందెందుకు?

ఈసారి పోస్టు కొంచెం పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చదివాక మీ కాలనీలోనో, మీ తండాలోనో చదువు రాని ఇద్దరికి చదివి వినిపించండి.

మేం గుంటూరు, బాపట్ల, నరసరావుపేట, మార్కాపురం వైపు హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న యానాది, లంబాడీ, ఎరుకల, చెంచు పిల్లలం. ఇక్కడ మనం ఎక్కువగా నోటిఫికేషన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, కుల ధ్రువీకరణ పత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన తిరుగుళ్ళ గురించి రాసుకుంటాం. ఇవాళ టీబీ గురించి రాస్తున్నాం. అదీ టీబీ వచ్చినవాళ్ళ గురించి కాదు. వాళ్ళ పక్కనే పడుకుని, వాళ్ళతో కలిసి తిని, ఇంకా జబ్బు పడనివాళ్ళ గురించి. సెలవులకి ఇళ్ళకి వచ్చినప్పుడల్లా మాలో కొందరం ఆశా అక్కల వెంట కాలనీలు తిరుగుతున్నాం. తిరిగిన ప్రతిచోటా మాకు ఎదురైన ప్రశ్న ఒకటే: "జబ్బు లేనోళ్ళకి మందెందుకయ్యా?"

ఆ ప్రశ్న తెలివితక్కువది కాదు. రెక్కాడితేగానీ డొక్కాడని మనిషి, ఏ బాధా లేనప్పుడు నెలల తరబడి గోళీలు మింగమంటే ఎందుకని అడగడం న్యాయమే. ఆ ప్రశ్నకి సమాధానం మా ఊళ్ళల్లో ఎవరూ నిదానంగా కూర్చుని చెప్పలేదు. అందుకే మాకు తెలిసినంతలో చెప్తున్నాం.

ముందు ఒక సంగతి. టీబీ క్రిమి ఒంట్లోకి రావడం వేరు, టీబీ జబ్బు రావడం వేరు. నల్లరేగడి నేలలో తుంగగడ్డ ఎండాకాలమంతా కనపడకుండా పడి ఉంటది. పైన చూస్తే నేల శుభ్రంగా ఉన్నట్టే ఉంటది. తొలకరి పడంగానే లేస్తది. ఈ క్రిమీ అంతే. దగ్గినవాళ్ళ గాలిలోంచి మన ఊపిరితిత్తుల్లోకి వచ్చి, ఒంట్లో బలం ఉన్నన్నాళ్ళు అణిగి పడి ఉంటది. అప్పుడు మనకి దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, మన నుంచి ఎవరికీ అంటదు. దీన్నే నిద్రాణ క్షయ అంటున్నారు. తిండి తగ్గినా, షుగరు వచ్చినా, సారా ఎక్కువైనా, హెచ్‌ఐవీ సోకినా, ముసలితనం పైబడినా లేచి కూర్చుంటది. క్రిమి సోకిన 100 మందిలో 5 నుంచి 10 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారతది. అలా మారేవాళ్ళలో ఎక్కువమందికి సోకిన మొదటి రెండేళ్ళలోనే మారతది.

మన దేశంలో 2019 నుంచి 2021 దాకా జాతీయ టీబీ సర్వే జరిగింది. 15 ఏళ్ళు దాటినవాళ్ళలో 31 శాతం మందికి పైగా క్రిమి సోకి ఉందని తేలింది. అంటే ముగ్గురిలో ఒకరికి దగ్గర దగ్గర. ఇది ఒక కులం జబ్బు కాదు, ఒక వాడ జబ్బు కాదు. యానాదుల కాలనీ అనంగానే ముక్కు మూసుకునే పెద్దమనుషుల ఇళ్ళల్లో కూడా క్రిమి ఉంది. అక్కడ నిద్రపోతది, మన దగ్గర మేలుకుంటది. తేడా తిండిలో, ఇంటి గాలిలో, చేసే పనిలో ఉంది.

ఆ సర్వేలోనే ఇంకో రెండు లెక్కలు ఉన్నాయి. టీబీ లక్షణాలు ఉన్నవాళ్ళలో 64 శాతం మంది అసలు వైద్యం కోసమే పోలేదు. దొరికిన టీబీ కేసుల్లో 42 శాతానికి పైగా ఎక్స్‌రే తియ్యకపోతే దొరికేవే కావు. ఈ రెండు లెక్కలు చదివినప్పుడు మాకు మా మిరప కల్లాలే గుర్తొచ్చినయి.

మన ప్రాంతంలో దగ్గు ఎవరికి లేదు? సంక్రాంతి ముందు నుంచి ఏప్రిల్ దాకా కోతలు. కాయ కోసేటప్పుడు ఘాటు, కల్లంలో ఆరబోసేటప్పుడు ఘాటు, తాలుకాయ ఏరేటప్పుడు ఘాటు, టిక్కీల్లో తొక్కేటప్పుడు ఘాటు. దాని ముందు పత్తి తీత, ఆ నూగు. మార్కాపురం వైపు అయితే పలకల రాయి దుమ్ము. మా అమ్మలు, పిన్నులు మూడు నాలుగు నెలలు దగ్గుతూనే పని చేస్తారు. "దగ్గు ఉందా పెద్దమ్మా?" అని అడిగితే "ఉంది నాయనా, మిరప్పళ్ళ దగ్గు" అంటారు. "లేదు" అనేవాళ్ళు కూడా దగ్గుతూనే అంటారు. రెండు వారాలకి మించి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోమని గోడల మీద రాసి ఉంటది. మా కాలనీల్లో ఆ రాత ప్రకారం పోతే జనవరిలో కాలనీ మొత్తం లైను కట్టాలి. అందుకని ఎవరూ పోరు. ఘాటు దగ్గు ముసుగులో అసలు దగ్గు దాక్కుంటది. మనలాంటి చోట దగ్గు ఉందా లేదా అని అడిగి ఊరుకుంటే చాలదు, ఎక్స్‌రే కావాలి అనడానికి ఇదే కారణం. దగ్గు సంగతి పక్కనపెట్టి బరువు తగ్గిందా, సాయంత్రం పూట జ్వరం వస్తందా, రాత్రి చెమటలు పడతన్నాయా, కళ్ళెలో నెత్తురు పడతందా అని కూడా అడగాలి.

ఇప్పుడు మందు సంగతి. మన దగ్గర టీబీ వైద్యం ఎట్లా మారుతూ వచ్చిందో తెలిస్తే ఇది సులువుగా అర్థమవుద్ది. మంగళగిరిలో ఎయిమ్స్ ఆసుపత్రికి పోయే రోడ్డు పేరు ఇప్పటికీ ఓల్డ్ టీబీ శానటోరియం రోడ్డు. రోగిని ఇంటినుంచి విడదీసి, ఊరికి దూరంగా మంచి గాలిలో ఉంచేవాళ్ళు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915 నాటిది. ఆ రోజుల్లో టీబీ అంటే ఇల్లు విడిచిపోవడమే. తర్వాత మందులు వచ్చినయి. 1950లలో మద్రాసులో ఒక పరిశోధన చేశారు. కొంతమంది పేద రోగులను శానటోరియంలో పెట్టి, కొంతమందిని వాళ్ళ ఇరుకు ఇళ్ళల్లోనే ఉంచి, ఇద్దరికీ ఒకటే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లో ఉంచి మందు మింగించడం వల్ల ఇంట్లోవాళ్ళకి అదనంగా అంటుకోలేదు కూడా. 1959లో ఆ ఫలితం బయటికొచ్చాక వైద్యం శానటోరియం నుంచి మన గడపలోకి వచ్చింది.

మందు గడపలోకైతే వచ్చింది గానీ రోగి ఒక్కడికే వచ్చింది. మిగతా ఇంటికి రాలేదు. రోగి దగ్గు మొదలైన నాటి నుంచి పరీక్ష అయ్యేదాకా నెలలు గడిచి ఉంటయి. ఆ నెలలన్నీ భార్యాపిల్లలు అదే గాలి పీల్చారు. వాళ్ళ గురించి చాలా ఏళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ఐదేళ్ళలోపు పిల్లలకి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి మాత్రం ముందుజాగ్రత్త మందు ఇవ్వాలని ఉండేది. 2021లో కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఊపిరితిత్తుల టీబీ ఉన్న మనిషి ఇంట్లో ఉండేవాళ్ళు ఏ వయసువాళ్ళయినా, జబ్బు లేదని తేల్చుకున్నాక, ముందుజాగ్రత్త మందుకి అర్హులే అన్నారు. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడినవాళ్ళను కూడా ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ళ జాబితాలో చేర్చారు. పలకల పనికి, గ్రానైట్ పనికి పోయే ప్రకాశం జిల్లావాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మందు రెండు రకాలుగా వస్తంది. ఒకటి ఐసోనియాజిడ్ గోళీ, రోజూ ఒకసారి చొప్పున ఆరు నెలలు. రెండోది ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికి ఒక్కసారి, 12 వారాలు. మొత్తం 12 సార్లు మింగితే అయిపోద్ది. 2011లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో తొమ్మిది నెలలు రోజూ మింగమన్నవాళ్ళలో 69 శాతం మంది పూర్తి చేస్తే, వారానికోసారి 12 వారాలు మింగమన్నవాళ్ళలో 82 శాతం మంది పూర్తి చేశారు. అక్కడ వారం మందు మనిషి ఎదురుగా ఇచ్చారు, అదీ ఒక కారణమే. జబ్బు రాకుండా ఆపడంలో మాత్రం పొట్టి కోర్సు పొడుగు కోర్సుకి తీసిపోలేదు.

మాకు బాగా గుర్తుండిపోయిన ఒక ఇంటి గురించి చెప్తాం. బాపట్ల వైపు ఒక యానాది కాలనీ. ఊరి పేరు, మనిషి పేరు చెప్పం. ఇంటి పెద్దాయన రొయ్యల చెరువు కాపలా మనిషి. టీబీ అని తేలింది. ఇంట్లో ఆయన భార్య, తల్లి, పదిహేడేళ్ళ కొడుకు, పదేళ్ళ కూతురు. పదో తరగతితో చదువాపేసిన కొడుకు మిరప కోతలకి ముఠాతో పల్నాడు పోతుంటాడు. మేం ఆశా అక్కతో పోయేసరికి ఆయన భార్య వాకిట్లో చేపలు తోముతా ఉంది.

"జబ్బు మా ఆయనకి. ఆయన మింగుతున్నాడుగా. నేను గట్టిగానే ఉన్నా. నాకెందుకు?" అంది.

మాలో ఒక చెల్లి చెప్పడం మొదలుపెట్టింది. క్రిమి గురించి, నిద్ర గురించి చెప్పింది. ఆమె చేపలు తోమడం ఆపలేదు. అంతా విని, "అంటే మిరప చేలో ఒక చెట్టుకి తెగులు కనపడితే చుట్టూ ఉన్న చెట్లకి కూడా మందు కొట్టినట్టా?" అని అడిగింది.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నల్ల తామర పురుగు వచ్చి చేలకి చేలు పోయిన 2021-22 సంవత్సరం ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. "అట్టాంటిదే అత్తా. కాకపోతే కనపడ్డ చెట్టుకల్లా కొట్టరు. ముందు ఒక్కొక్క చెట్టునీ తిప్పి చూస్తారు. తెగులు అప్పటికే పట్టి ఉంటే దానికి వేరే మందు" అంది చెల్లి.

ఈ రెండో మాటే ఆ ఇంట్లో ముఖ్యమైంది. ఎక్స్‌రే తీసే చోటు కాలనీకి దూరం. నలుగురు పోవాలంటే ఒకరోజు కూలి పోద్ది, ఆటో ఖర్చు. ఒకసారి పోతే ఆ రోజు ఎక్స్‌రే తీసే మనిషి లేడన్నారు. రెండోసారికి కొడుకు రానన్నాడు. "నాకేం లేదు, ముఠా ఎల్లుండి బయల్దేరతంది" అన్నాడు. వాళ్ళమ్మ తిట్టి తీసుకెళ్ళింది. భార్యకి, తల్లికి, చిన్నపిల్లకి ఎక్స్‌రేలో ఏమీ లేదు. కొడుకు ఎక్స్‌రేలో మచ్చ. కళ్ళె పరీక్షలో క్రిమి కనపడింది. వాడికి ఉన్నది మిరప దగ్గు అని వాడూ, మేమూ, ఊరంతా అనుకుంటున్నదే.

ఇక్కడ రెండు ప్రమాదాలు తప్పినయి. వాడు ఆ ముఠాతో పోయి ఉంటే ఇరవై మంది ఒకే పాకలో పడుకునే చోట మూడు నెలలు దగ్గేవాడు. ఎక్స్‌రే లేకుండా అందరితోపాటు వాడికీ ముందుజాగ్రత్త గోళీ ఇచ్చి ఉంటే, ఉన్న జబ్బుకి ఒకటి రెండు మందులే పడి, క్రిమి చావకుండా ఆ మందులకి అలవాటుపడి మొండిగా తయారయ్యేది. జబ్బు ఉన్నవాడికి నాలుగు మందులు కలిపి మొదలుపెట్టాలి, జబ్బు లేనివాడికి ముందుజాగ్రత్త మందు చాలు. ఈ తేడా కనిపెట్టేది ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష. అందుకే మేం ఎవరికైనా చెప్పేది ఒకటే. ఎవరూ పరీక్ష చేయకుండా ఊరికే గోళీలు చేతిలో పెడితే ఎక్స్‌రే ఎక్కడ తీస్తారని అడగండి. కొన్నిచోట్ల ఇప్పుడు చేత్తో పట్టుకునే చిన్న ఎక్స్‌రే మిషన్ కాలనీకే తెస్తున్నారు. మా కాలనీకి ఎప్పుడు తెస్తారని అడగడం మన హక్కు. క్రిమి సోకిందో లేదో చూసే చర్మం సూది పరీక్ష కూడా ఉంది. సూది వేసి రెండు మూడు రోజులకి చెయ్యి చూస్తారు. అయితే ఆ పరీక్ష అందుబాటులో లేదని చెప్పి ముందుజాగ్రత్త మందు ఆపకూడదని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది.

ఆ ఇంట్లో అత్త 12 వారాలు పూర్తి చేసింది. చిన్నపిల్ల కూడా. ఆదివారం కూర తెచ్చుకునే రోజు కాబట్టి దానికి "ఆదివారం గోళీ" అని పేరు పెట్టుకున్నారు. గోడ మీద క్యాలెండర్‌లో చిన్నపిల్లే గీతలు పెట్టేది. ముసలామె మాత్రం మింగనంది. "ఈ వయసులో నాకెందుకు, పిల్లలకివ్వండి" అంది. బలవంతం చేయలేదు. ఒద్దనే హక్కు ఆమెకి ఉంది. ఆశా అక్క నెలకోసారి ఆమె బరువు చూస్తంది, జ్వరం, దగ్గు అడుగుతంది. కొడుకు ఆరు నెలల కోర్సు వేసుకున్నాడు, ఆ ఏడు మిరప కోతలకి పోలేదు. ఆ ఇంటికి రావాల్సిన సీజన్ డబ్బులు రాలేదు. ఈ ముక్క కూడా చెప్పాలి. నయమైంది అన్న ఒక్క మాటతో లెక్క సరిపోదు.

ఇది ఒక ఇల్లు. ఇట్లాంటి ఇళ్ళు మొత్తానికి చేస్తే ఏమవుతుందో ప్రపంచంలో చూసినవాళ్ళు ఉన్నారు. అందులో మొదటి పెద్ద ప్రయత్నం మనలాంటి ఆదివాసుల మధ్యే జరిగింది. అమెరికాలోని అలాస్కాలో, బెతెల్ చుట్టుపక్కల మూలవాసుల గ్రామాల్లో టీబీ విపరీతంగా ఉండేది. 1957లో జార్జ్ కామ్‌స్టాక్ అనే డాక్టరు అక్కడ కొన్ని ఇళ్ళకి ఐసోనియాజిడ్, కొన్ని ఇళ్ళకి మందు లేని ఉత్త గోళీ ఇచ్చి చూశాడు. మందు మీద నమ్మకం కలగడానికి తనూ, తన కుటుంబమూ కూడా అదే గోళీ మింగారు. మందు పడిన ఇళ్ళల్లో టీబీ సగానికి పైగా తగ్గింది. ఫలితం తెలిశాక ఉత్త గోళీ వేసుకున్నవాళ్ళకి కూడా అసలు మందు ఇచ్చారు. దాదాపు 20 ఏళ్ళ తర్వాత చూసినా ఆ రక్షణ నిలిచే ఉంది. మాకు ఈ కథలో గోళీ కంటే ఆ డాక్టరు ఇంట్లోవాళ్ళు మింగిన గోళీయే ఎక్కువ నచ్చింది. మా కాలనీల్లో మందు ఇచ్చేవాళ్ళు కనీసం వాకిట్లో మంచం మీద కూర్చుని ఇస్తే చాలు, సగం భయం పోద్ది.

రెండో కథ దక్షిణాఫ్రికా బంగారు గనులది. అక్కడ వేలమంది కార్మికులకి తొమ్మిది నెలలు ఐసోనియాజిడ్ ఇచ్చారు. మింగినన్నాళ్ళు టీబీ తగ్గింది. ఆపేశాక ఆ మేలు తొందరగానే పోయింది. ఫలితాలు 2014లో వచ్చినయి. కారణం చూస్తే అదే గని, అదే రాతి దుమ్ము, అవే ఇరుకు గదులు, హెచ్‌ఐవీ. క్రిమి మళ్ళీ మళ్ళీ సోకుతూనే ఉంది. గాలి మారకుండా గోళీ ఒక్కటే ఇస్తే ఏమవుద్దో ఆ గనులు చెప్తున్నయి. మన మిరప ముఠాల పాకలు, పత్తి జిన్నింగ్ మిల్లుల షెడ్లు, కిటికీ లేని ఒంటిగది కాలనీ ఇళ్ళు చూసినప్పుడు మాకు ఆ గనులే మనసులో మెదులుతయి.

మూడో కథ మన దేశానిదే. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో, ఆదివాసులు ఎక్కువగా ఉన్నచోట, 2019 నుంచి 2022 దాకా డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ బృందం ఒక పని చేసింది. 2,800 మంది రోగులకి తిండి ఇచ్చారు. సగం ఇళ్ళల్లో రోగితోపాటు ఇంట్లోవాళ్ళకి కూడా ఇచ్చారు. పెద్దవాళ్ళకి మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ గోళీలు. అంతే. ఇంట్లోవాళ్ళకి తిండి అందిన ఇళ్ళల్లో కొత్త టీబీ 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం తగ్గింది. 2023లో ఈ లెక్కలు బయటికొచ్చినయి. కిలోన్నర పప్పు! మన ఇళ్ళల్లో నెలకి ఐదుగురికి కలిపి ఎంత పప్పు వండుతున్నామో ఎవరి ఇంట్లో వాళ్ళు లెక్క వేసుకోండి. కోటా బియ్యంతో కడుపు నిండుద్ది గానీ బలం రాదు. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ నంజుకుని తినే అన్నం మీద క్రిమి నిద్ర ఎన్నాళ్ళుంటది?

ఈ మూడు కథలు కలిపితే మాకు తోచింది ఇది. గోళీ కావాలి. గోళీతోపాటు గాలి, తిండి కావాలి. గోళీ మన బతుకు లెక్కలో ఇమిడేటట్టు ఉండాలి. మొదటి రెండూ ప్రభుత్వాన్ని అడగాల్సినవి. మూడోది మనం కూడా చూసుకోవచ్చు.

అడగాల్సిన సంగతి ముందు. మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాలు ఐదో షెడ్యూల్ కింద లేవు. ఆదివాసుల టీబీ అంటే పైవాళ్ళకి పాడేరు, పార్వతీపురం, రంపచోడవరం గుర్తొస్తయి. గుర్తు రావాలి, అక్కడ కష్టం పెద్దది. కానీ రాష్ట్రంలో అందరికంటే పెద్ద తెగ యానాదులు. 2011 జనగణన ప్రకారం ఐదు లక్షలకి పైనే. వాళ్ళు ఉండేది మైదానంలో, కాలవ గట్ల మీద, చెరువు గట్ల మీద, ఊరికి ఇరవై ముప్పై ఇళ్ళ చొప్పున. ఒకచోట గుంపుగా లేం కాబట్టి ఏ లెక్కలోనూ గుంపుగా కనపడం. నిక్షయ్ పోషణ యోజన కింద రోగికి 2018 ఏప్రిల్ నుంచి నెలకి 500 రూపాయలు, 2024 నవంబర్ నుంచి 1,000 రూపాయలు ఇస్తున్నారు. మంచిదే. ఆధార్ లేక, ఖాతా లేక అది అందనివాళ్ళు మాకు తెలుసు. ఇంట్లోవాళ్ళకి పోషకాహార బుట్టలు దాతల ద్వారా ఇవ్వొచ్చని నిక్షయ్ మిత్ర పథకంలో 2024లో చేర్చారు. దాత దయ తలిస్తే వచ్చే బుట్టగా కాకుండా హక్కుగా వస్తే బాగుంటదని మా కోరిక.

ఇక మనం చూసుకోవాల్సింది. పల్నాడు తండాల నుంచి, ప్రకాశం ఊళ్ళ నుంచి పత్తికీ మిరపకీ మనవాళ్ళు కదులుతూనే ఉంటారు. నవంబర్‌లో ఆరు నెలల మందు మొదలుపెడితే మధ్యలో పత్తి తీతలు, మిరప కోతలు రెండూ వస్తయి. పాకలో గోళీల డబ్బా పోయిందంటే అంతే. అదే ఆగస్టులో కలుపుల కాలంలో 12 వారాల మందు మొదలైతే దీపావళి నాటికి అయిపోద్ది. అలాగని సీజన్ కోసం మందు ఆపుకోకండి, సోకిన కొత్తలోనే ముప్పు ఎక్కువ. బయల్దేరే ముందు ఆశా అక్కకి చెప్పి, ఎక్కడికి పోతున్నామో రాయించి, మిగతా మోతాదులు చేతిలో పట్టుకుని పోండి. మీ నిక్షయ్ నంబరు ఫోన్‌లో రాసుకోండి. ఆ నంబరు ఏ మండలంలో చెప్పినా మీ వివరం కనపడుద్ది. ముఠా మేస్త్రికి చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. చెప్పకపోయినా మీతో పాకలో ఉండే ఒక్క మనిషికి చెప్పండి, వారం వారం గుర్తుచేస్తారు.

మందు గురించి భయాలు ఉన్నయి. కొన్నిటికి కారణం ఉంది, కొన్నిటికి లేదు. రిఫాపెంటిన్ వేసుకుంటే మూత్రం, చెమట, కన్నీళ్ళు నారింజ రంగులోకి మారతయి. అది నెత్తురు కాదు, భయం లేదు. పిల్లలు పుట్టరు అనేది ఉత్త పుకారు. కానీ గర్భం రాకుండా గోళీలు వాడే అక్కలకి ఆ గోళీలు ఈ మందుతో సరిగా పనిచేయవు, వేరే పద్ధతి అడగాలి. గర్భిణీలు వారం మందు వేసుకోకూడదు, ముందే చెప్పాలి. హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవాళ్ళు కూడా దాచకుండా డాక్టరుకి చెప్పాలి. చేతులు కాళ్ళు తిమ్మిర్లెక్కితే బీ6 విటమిన్ ఇస్తారు. అన్నం సయించక, వాంతులు వచ్చి, కళ్ళు పచ్చబడితే మాత్రం ఆ రోజే గోళీ ఆపి ఆసుపత్రికి పోవాలి. అది కాలేయానికి దెబ్బ తగులుతుందనే సూచన. ఇంకో మాట మగవాళ్ళకి: రెండు మందులూ ఒకే కడుపులో పడితే కాలేయం తట్టుకోదు. ఈ మందు వాడినన్నాళ్ళు ఆ మందు మానాలి.

అన్నిటికంటే పెద్ద భయం పేరు పడటం. "టీబీ ఇల్లు అంటే మా పిల్లకి సంబంధం రాదు" అని ఒకావిడ మమ్మల్ని వాకిట్లోకే రానివ్వలేదు. ఆమెని తప్పుపట్టలేం. దొంగ జాతులని ముద్ర వేయించుకున్న తాతల మనవళ్ళం మనం, ముద్ర అంటే ఏంటో మనకి తెలుసు. అందుకని ఇప్పుడు మేం పోయిన చోట ఒక ఇంటికే పోకుండా కాలనీ మొత్తానికి పోతున్నాం. అందరికీ బీపీ, షుగరు, బరువు చూడమని సిస్టర్‌ని అడుగుతున్నాం. ఎవరింటికి ఏ గోళీ వచ్చిందో పక్కింటికి తెలియదు. పని నిదానంగా సాగుతంది గానీ తలుపులు తెరుచుకుంటున్నయి.

చివరిగా అడిగేది. మీ కాలనీలో, తండాలో ఈ రెండేళ్ళలో టీబీ మందు వాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ ఇంట్లో మిగతావాళ్ళకి ఎక్స్‌రే తీశారా? ముందుజాగ్రత్త మందు ఇస్తామని ఎవరైనా వచ్చారా? పేర్లు ఇక్కడ రాయకండి, ఎవరి పేరూ బయట పెట్టొద్దు. ఊరు, మండలం, అవును కాదు అని చాలు. జవాబులు వచ్చాక మండలాల వారీగా రాసి, మన ఆశా అక్కల చేత, పీహెచ్‌సీ డాక్టర్ల చేత చూపించి, జిల్లా టీబీ అధికారికి ఇద్దామని అనుకుంటున్నాం. సంక్రాంతికి ముఠాలు బయల్దేరే లోపు ఇది జరగాలి. వారం రోజుల్లో రాయండి.